ఎక్కడ తిందాం?

ఆదివారం పదకొండు గంటలయ్యేసరికి మా అబ్బాయి ఇంట్లో ఒక ప్రశ్న పుడుతుంది. "ఎక్కడ తిందాం?" అని. ప్రశ్న చిన్నదే. కాని అయిదుగురున్న ఇంట్లో దానికి ఏడెనిమిది జవాబులుంటాయి. కోడలిది ఒక మాట, మనవడిది ఇంకో మాట, అబ్బాయిది "మీ ఇష్టం" అంటూనే తన ఇష్టం నెగ్గించుకునే మాట. మా ఆవిడ మాత్రం "ఇంట్లో పప్పుచారు ఉందిగా" అంటుంది. ఈ చివరి మాటని ఎవరూ లెక్కచెయ్యరు, అన్న మా ఆవిడతో సహా.

ఆ ప్రశ్న వింటే నాకు మా తాతగారు జ్ఞాపకం వస్తారు. ఆయన జీవితంలో ఆ ప్రశ్నే లేదు సుమండీ! కోర్టు పనిమీద గుడివాడ నించి బందరు వెళ్ళినా, పెళ్ళిచూపులకని ఏలూరు వెళ్ళినా ఆయన చేతిలో ఒక మూటా, ఒక రాగిచెంబూ ఉండేవి. మూటలో పులిహోర, చెంబులో మా బావి నీళ్ళు. ఊరు దాటితే ఎవరు వండారో, ఎవరు ముట్టారో తెలియదు కనక తినకపోవడమే ఉత్తమమని ఆయన సిద్ధాంతం. ఎక్కడ తినాలన్నది ఆయనకి రుచికి సంబంధించిన సంగతి కాదు. ఎవరి పక్కన కూచోవాలి, ఎవరి చేతి ముద్ద తినాలి అన్న సంగతి. అది చాలా పెద్ద ప్రశ్న అని నాకు డెబ్బై రెండో ఏట, సముద్రాలు దాటి వచ్చాక గాని బోధపడలేదు.

2025 ఆగస్టులో మేమిద్దరం మెల్‌బోర్న్ వెళ్ళాం. మనకి ఆగస్టంటే వానలు, వాళ్ళకి గజగజ వణికించే చలి. మా అబ్బాయి వాళ్ళుండేది నగరానికి పడమటి దిక్కున. నగరం నడిబొడ్డు నించి రైలెక్కి పడమటికి వెళితే మరిబిర్నాంగ్ నది వస్తుంది. అది దాటగానే తగిలే పేట పేరు ఫుట్స్‌క్రే. నగరానికి అయిదారు కిలోమీటర్లుంటుందేమో. ఇంగ్లండులో అప్పట్లో కెంట్ జిల్లాలో ఉన్న ఒక పల్లెటూరి పేరు తెచ్చి దీనికి తగిలించారు. ఇప్పుడు ఆ వీధుల్లో నడిస్తే మాత్రం ఇంగ్లండు తప్ప తక్కిన ప్రపంచమంతా కనిపిస్తుంది.

ఒకప్పుడది కబేళాలు, తోళ్ళ కార్ఖానాలు, తూటాల ఫ్యాక్టరీలు ఉన్న కూలిజనం పేట. పెద్దమనుషులు ముక్కు మూసుకుని దాటిపోయే చోటన్నమాట. అద్దెలు తక్కువగనక ఓడ దిగినవాళ్ళంతా అక్కడికే చేరారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇటలీ వాళ్ళు, గ్రీసు వాళ్ళు, యుగోస్లావియా వాళ్ళు వచ్చారు. 1956లో ఒక ఇటలీ కుటుంబం హాప్కిన్స్ వీధిలో పెట్టిన మిఠాయి దుకాణం ఆ పేటలో ఇప్పటికీ పేరున్నదే. 1975లో సైగాన్ పడిపోయాక వియత్నాం కాందిశీకులు వచ్చారు. దగ్గర్లోనే మరిబిర్నాంగ్‌లో వలసవచ్చినవాళ్ళని ఉంచే వసతిగృహం ఉండేది. అక్కణ్ణించి బయటికొచ్చినవాళ్ళు చాలామంది ఆ చుట్టుపక్కలే కాపురాలు పెట్టారు. తర్వాత ఇథియోపియా, ఎరిత్రియా, సోమాలియా, సూడాను. ఇంకా తర్వాత మనం. బార్క్‌లీ వీధిలో పడమటికి నడుచుకుంటూ పోతే కొంతదూరం తర్వాత పంజాబీ ధాబాలు, దోసెల హోటళ్ళు, బిర్యానీ బోర్డులు వరసగా కనిపిస్తాయి. పరాయి దేశంలో 'ఇడ్లీ' అన్న మాట బోర్డుమీద చూస్తే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయంటారే, నాకు నోట్లో తిరిగాయి.

నేను శాకాహారిని. మొదటివారం మా మనవడు నన్ను వియత్నాం దుకాణానికి లాక్కెళ్ళాడు. నాకు అక్కడేం దొరుకుతుందిరా అన్నాను. తీరా చూస్తే దొరికింది. వియత్నాంలో బౌద్ధులు చాలామంది పున్నమికీ, నెలపొడుపు నాటికీ మాంసం ముట్టరట. ఆ వంటకి ప్రత్యేకంగా ఒక పేరే ఉంది. మా అమ్మ ఏకాదశికీ, కార్తీక సోమవారానికీ లెక్కలు చూసుకునేది. సముద్రానికి అవతల మరో అమ్మ అదే చంద్రుణ్ణి చూసి అదే లెక్క వేసుకుంటోందన్నమాట! ఆ దుకాణంలో అమ్మే రొట్టె సంగతి మరీ విచిత్రం. ఫ్రెంచివాడు వియత్నాం ఏలేందుకు వెళ్ళి తన రొట్టె అక్కడ వదిలేశాడు. వాళ్ళు ఫ్రెంచివాణ్ణి పంపించేసి రొట్టె ఉంచుకున్నారు. అందులో తమ కొత్తిమీర, తమ ఊరగాయ ముల్లంగి, తమ పచ్చిమిరప కూరి, ఆ రొట్టెని మూటగట్టుకుని ఆస్ట్రేలియా వచ్చారు. మనం తెల్లదొరని పంపించేసి టీ ఉంచుకోలేదూ? అలాగే.

రెండోవారం ఇథియోపియా హోటలు. అక్కడి క్రైస్తవులు బుధవారం, శుక్రవారం మాంసం, పాలు, నెయ్యి ఏవీ ముట్టకుండా ఉపవాసం ఉంటారు గనక ఆ హోటళ్ళలో కూరగాయల భోజనానికి లోటు లేదు. టెఫ్ అనే సన్నని గింజల పిండిని పులియబెట్టి అట్టు పోస్తారు. మన పుల్లట్టుకి పెద్దప్ప. మందంగా, మెత్తగా, చిల్లులు చిల్లులుగా ఉంటుంది. పెద్ద పళ్ళెంలో దాన్ని పరిచి, దానిమీద ఎర్రపప్పు, ఉడికించిన శనగపిండి, ఆకుకూర, క్యాబేజీ కుప్పలుగా పెట్టి మధ్యన ఉంచారు. విడివిడిగా కంచాలు లేవు. అయిదుగురం ఆ ఒక్క పళ్ళెంలోనే, చేత్తోనే తినాలి.

మా ఆవిడ నా చెవిదగ్గర "ఎంగిలి కాదూ?" అంది.

నేనేదో చెప్పబోయేంతలో పక్క బల్లదగ్గర ఒక ముసలమ్మ అట్టు ముక్క తుంచి, పప్పు అద్ది, ముద్దచేసి, ఎదురుగా కూచున్న నలభయ్యేళ్ళ కొడుకు నోట్లో పెట్టింది. ఆ మనిషి ఆరడుగుల వాడు. సిగ్గుపడకుండా నోరు తెరిచాడు. దాన్ని వాళ్ళు గుర్షా అంటారనీ, ఎదుటివాళ్ళమీద ప్రేమా మర్యాదా చూపడానికి అలా తినిపిస్తారనీ మా మనవడు చెప్పాడు. మా ఆవిడ కాసేపు అటే చూసి, "ఇంతకీ గోరుముద్దేగా!" అంది. ఎంగిలి సంగతి ఇంక ఎత్తలేదు. ముద్దచేసి మనవడి నోట్లో పెట్టింది. నలభై ఏడేళ్ళ కాపురంలో మొదటిసారి నాకూ ఒకటి పెట్టింది. అదీ పదిమందిలో!

ఇక్కడితో ఆపేస్తే ఎంత బావుండేదో. లోకమంతా ఒకే పళ్ళెంలో తింటోంది, మనుషులంతా ఒక్కటే, శుభం! కాని ముద్ద మింగినంత సులువుగా ఈ మాట మింగుడుపడదు.

ఏమంటే, నాలుక చాలా ఉదారమైంది. ఎవరి వంటనైనా తొందరగా ఇంట్లోకి రానిస్తుంది. వండినవాణ్ణి రానివ్వడం దగ్గరే పేచీ. ఈ ఆస్ట్రేలియా 1901లో పుట్టగానే చేసిన మొదటి చట్టాల్లో ఒకటి, తెల్లవాళ్ళు కానివాళ్ళని రానివ్వకుండా ఆపేది. పైకి అలా రాయలేదు లెండి. వచ్చినవాడికి ఏదో ఒక యూరపు భాషలో యాభై మాటల డిక్టేషను ఇవ్వచ్చు అని రాసుకున్నారు. ఇంగ్లీషు వచ్చినవాడికి ఇంకేదో భాషలో ఇచ్చి తప్పించచ్చు. ఆ పరీక్ష 1958 దాకా ఉంది. రంగు చూసి మనుషుల్ని ఎంచే పద్ధతి పూర్తిగా పోవడానికి 1973 దాకా పట్టింది. వియత్నాం వాళ్ళు పడవల్లో వచ్చింది ఆ తర్వాత మూడేళ్ళకే. అంటే తలుపు తెరిచీ తెరవకముందే వచ్చారన్నమాట.

2009లో ఇదే మెల్‌బోర్న్‌లో మన విద్యార్థులమీద వరసగా దాడులు జరిగాయి. రాత్రిపూట పనులు ముగించుకుని రైళ్ళలో తిరిగివచ్చే కుర్రాళ్ళు దెబ్బలు తిన్నారు. ఆ మే నెల చివరిరోజున వేలమంది ఊరేగింపు తీసి ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషను ముందు నడిరోడ్డుమీద కూచున్నారు. అప్పటికి ఆ నగరంలో మన కూర తిననివాళ్ళు తక్కువే. వాడి చేతి కూర కమ్మగా ఉంది, వాడు మాత్రం రాత్రి రైల్లో క్షేమంగా ఇంటికి చేరలేడు! కనక ఒకరి తిండి తిన్నంత మాత్రాన వాళ్ళని మనవాళ్ళనుకున్నట్టు కాదు.

ఇలా ఊళ్ళోవాళ్ళ తప్పులు ఏకరువు పెడుతుంటే నాకు హాయిగానే ఉంది. పరాయివాడి తప్పు చెప్పడంలో ఉన్న సుఖం మీకు తెలియంది కాదు. కాని ఒక రాత్రి నిద్రపట్టక పడుకుంటే మా పాకచూరు జ్ఞాపకం వచ్చింది.

మా ఇంట్లో ఒక పాలేరు ఉండేవాడు. మా పొలం దున్నింది అతను, పంట కోసింది అతను, బస్తా మోసుకొచ్చి గాదెలో పోసింది అతను. ఆ బియ్యం ఉడికి అన్నం అయ్యేసరికి మాత్రం అతను గుమ్మం అవతల ఉండేవాడు. అతని సత్తుగ్లాసు గొడ్లపాక చూరులో దోపి ఉండేది. అతనే తీసుకుని, కడుక్కుని, పట్టుకుంటే మా అమ్మ పైనించి కాఫీ పోసేది. మా అమ్మ ఇంట్లో లేనప్పుడు నేను పోసేవాణ్ణి. నాకు తొమ్మిదో పదో ఏళ్ళు. చెయ్యి తగలకుండా పొయ్యడం నాకు ఎవరూ నేర్పలేదు. వచ్చేసింది.

హోటళ్ళలోకీ, దుకాణాల్లోకీ ఎవరినీ కులం చూసి ఆపకూడదని మన రాజ్యాంగం పదిహేనో అధికరణంలో ప్రత్యేకించి రాశారు. అంటరానితనాన్ని నేరం చేస్తూ 1955లో చట్టం వచ్చింది. నేను పుట్టింది ఆ చట్టానికి రెండేళ్ళు ముందు. అంటే నేను చెయ్యి తగలకుండా కాఫీ పోసేనాటికి చట్టం నాకంటే బాగా ఎదిగే ఉంది. పల్నాట బ్రహ్మనాయుడు అన్ని కులాలనీ ఒకే చాపమీద కూచోబెట్టి చాపకూడు పెట్టాడని మాకు బళ్ళో పాఠం చెప్పేవారు. పాఠం అప్పజెప్పి ఇంటికొచ్చి చూరులో గ్లాసు చూసేవాణ్ణి. రెండూ ఒకదానికొకటి తగిలేవి కావు, మా చేతులు తగలనట్టే.

మూడోవారం మన హోటలుకి వెళ్ళాం. పేరు చెప్పను. బల్లమీద అరిటాకు ఆకారంలో కంచం, అందులో ముద్దపప్పు, గోంగూర, ఆవకాయ, నెయ్యి. ధర పద్ధెనిమిది డాలర్లు. అక్కడ అంత చవగ్గా భోజనం ఎక్కడా లేదని మా అబ్బాయి అన్నాడు. "మనవాడు మనవాడే" అన్నాను నేను, మూడోసారి పప్పు వడ్డించుకుంటూ. గట్టిగానే అన్నాను.

మా మాట విని వంటింట్లోంచి ఒక కుర్రాడు తడిచేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "తాతగారూ, మీరు గుడివాడ వాళ్ళు కాదూ?" అన్నాడు. తీరా చూస్తే వాళ్ళ తాతా నేనూ ఒకే బెంచీమీద చదువుకున్నాం. ఇక్కడ ఎమ్మెస్ చదువుతున్నాడు. మా ఆవిడ అక్కడికక్కడే పరీక్ష మొదలెట్టింది. ఎక్కడుంటున్నావు, ఎవరు వండుతారు, నెలకి ఎంత పంపిస్తున్నావు. బయట సందులో నించుని మా అబ్బాయి అడిగితే మెల్లిగా చెప్పాడు, గంటకి పన్నెండు డాలర్లు, చేతికి నగదు, చీటీ గీటీ లేదు అని.

ఆ దేశంలో 2025 జూలై ఒకటి నించి అప్పట్లో పెద్దవాళ్ళకి గంటకి ఇవ్వాల్సిన కనీసం 24 డాలర్ల 95 సెంట్లు. రోజుకూలీగా పిలిచేవాళ్ళకి దానిమీద నూటికి పాతిక అదనం. అంటే ఆ కుర్రాడికి దక్కాల్సినదాంట్లో సగం కూడా దక్కడం లేదు. తెలిసి తెలిసి తక్కువ ఇవ్వడం 2025 జనవరి నించి అక్కడ శిక్షపడే నేరం కూడాను.

"మీరేం అనకండి తాతగారూ. అంటే నా పని పోతుంది" అన్నాడు వాడు.

ఇంటికెళ్ళేదాకా కారులో ఎవరం మాట్లాడలేదు. చివరికి నేనే "ఇంక ఆ హోటలుకి వెళ్ళద్దు" అని తీర్పు చెప్పాను. తీర్పు చెప్పాక ఎంతో శుభ్రంగా అనిపించింది, స్నానం చేసినట్టు. ఆ శుభ్రం అన్న మాట దగ్గరే నాకు ముల్లు గుచ్చుకుంది.

మా తాతగారూ ఇదేగా చేసింది? ఎక్కడ మైల తగులుతుందో అక్కడ తినడం మానేశాడు. నేను కుర్రాడి కష్టం గురించి ఆలోచించానా, నా చెయ్యి మైలపడకూడదనుకున్నానా? నేను మానేస్తే ఆ గిన్నెలు కడిగే కుర్రాడి పనే ముందు పోతుంది. నేను మాత్రం ఇంకో హోటల్లో నిశ్చింతగా పప్పన్నం తింటాను. అక్కడి వంటింట్లో ఎవరున్నారో అడగను కనక నిశ్చింతే. ఇది కొత్తరకం మడి. పాతదానికి తడిబట్ట ఉండేది, దీనికి అదీ లేదు.

అలాగని ఏమీ పట్టనట్టు వెళ్ళి తింటే? అదీ మా ఇంట్లో చూసిందే. "వాడికేం లోటు, మూడుపూటలా మన తిండే తింటున్నాడుగా" అని పాలేరు గురించి మావాళ్ళు అనేవారు. తిండి పెట్టడం వేరు, బాకీ తీర్చడం వేరు. మొదటిది మన దయ, రెండోది అవతలివాడి హక్కు. మనం మొదటిది చూపించి రెండోది దాచేస్తాం.

మళ్ళీ వారం నేనొక్కణ్ణే వెళ్ళాను. కుర్రాడి ఊసెత్తకుండా యజమానితో మాటల్లోకి దిగాను. ఆయన చెడ్డవాడని రాస్తే నాకు సులువుగా ఉండేది. కాడు. తనూ విద్యార్థిగా వచ్చి, అలాగే నగదుకి గిన్నెలు తోమాడు. "అద్దెలు చూస్తున్నారుగా మేష్టారూ. ధర పెంచితే మనవాళ్ళు గుమ్మం తొక్కరు. ఇక్కడ సంపాదన కావాలి, భోజనం మాత్రం గుడివాడ ధరకి కావాలి" అన్నాడు. నాకు గొంతులో వెలక్కాయ పడింది. చవక అని ముచ్చటపడి మూడోసారి వడ్డించుకున్నది ఎవరు? ఆ పద్ధెనిమిది డాలర్ల భోజనంలో కొంత నేను కట్టాను, కొంత ఆ కుర్రాడు కట్టాడు. వాడి తాత నా స్నేహితుడు. నా భోజనం డబ్బులు వాడిచేత కట్టించాను, తెలియకుండా.

"నాలుగు డాలర్లు పెంచండి. మేం వస్తాం, మరో నాలుగు కుటుంబాల్నీ తీసుకొస్తాం. పిల్లలకి మాత్రం చీటీ రాసి ఇవ్వండి" అన్నాను. ఆయన నవ్వాడు. ఇస్తాననలేదు, ఇవ్వననీ అనలేదు. ఇంతమాత్రానికి నేనేదో ఘనకార్యం చేశానని అనుకోకండి. నాలుగు డాలర్లు పెరిగినా అవి ఆ కుర్రాడి చేతికి చేరతాయన్న హామీ ఏముంది?

కుర్రాణ్ణి ఇంటికి భోజనానికి పిలిచాం. పనిచేసిన రోజులూ గంటలూ ఒక నోటుబుక్కులో రాసుకోమని మా అబ్బాయి చెప్పాడు. జీతాల సంగతి చూసే ప్రభుత్వ కార్యాలయం ఉందనీ, అక్కడ సలహాకి పైసా తీసుకోరనీ, మోసపోయామని చెప్పుకునే వీసావాళ్ళకి 2024లో రక్షణలు పెంచారనీ చెప్పాడు. వాడు తలూపాడు. చెప్పుకుంటాడా? వాడి ఇష్టం. అప్పు వాడి తండ్రి నెత్తిన ఉంది, ధైర్యం చెప్పడం నాకు తేలిక. అక్టోబరులో ఇంకోచోట చీటీ ఇచ్చే పని దొరికిందని ఫోను చేశాడు. నోటుబుక్కు మాత్రం పారెయ్యలేదట.

తిరుగుప్రయాణానికి ముందు ఆదివారం మళ్ళీ మామూలే. పదకొండు గంటలకి మా మనవడు "ఎక్కడ తిందాం తాతయ్యా?" అన్నాడు. నేను ఉత్సాహం ఆపుకోలేక ఇదంతా చెప్పడం మొదలెట్టాను. మన పెళ్ళిళ్ళలో పంక్తులన్నీ లేచాక ఇంటిపెద్ద వంటశాల గుమ్మంలో నించుని "వడ్డించినవాళ్ళు తిన్నారా?" అని అడుగుతాడురా, ఆ మాట అడగని పెద్ద పెద్ద కాదు, ఏ హోటల్లో కూచున్నా మనం ఆ ఒక్కమాట అడుక్కోవాలి, వియత్నాందైనా, ఇథియోపియాదైనా, మనదైనా సరే, మనదైతే మరీనూ, అని.

వాడు ఓపిగ్గా అంతా విని, "సరే తాతయ్యా, అక్కడికెళ్ళి అడుగుదాం. ముందు ఎక్కడికో చెప్పు, ఆకలేస్తోంది" అన్నాడు.

మా ఆవిడ వంటింట్లోంచి, "ఇంట్లో పప్పుచారుందిగా" అంది. ఆ రోజు ఎవరూ కాదనలేదు. అందరం తిన్నాక, అన్నం పళ్ళెంలో పెట్టుకుని ఆవిడ ఒక్కతీ బల్లదగ్గర కూచోబోతుంటే నాకు చటుక్కున తట్టింది. నలభై ఏడేళ్ళనించి ఆ ప్రశ్న మా ఇంట్లోనే అడగలేదు. లేచి వెళ్ళి చారుగిన్నె పట్టుకొచ్చి నేను వడ్డించాను.

"ఏమిటీ వేళ?" అంది అనుమానంగా.